'లేదు' అనే జవాబు: యూనివర్సిటీ లైబ్రరీల్లో స్థానిక సేకరణ, మన విద్యార్థుల చూపు

యూనివర్సిటీ లైబ్రరీకి మొదటిసారి వచ్చిన దళిత విద్యార్థి ఏం వెతుకుతాడు? సిలబస్ పుస్తకాలు వెతుకుతాడు, పోటీ పరీక్షల గైడ్లు వెతుకుతాడు. ఇది అందరికీ తెలిసిన సంగతే. కానీ ఎవరికీ చెప్పకుండా మరొకటి కూడా వెతుకుతాడు. తన ఊరి పేరు, తన వాడ సంగతి, తన కులం మాట ఎక్కడైనా అచ్చులో ఉందా అని చూస్తాడు. మేమూ అట్లాగే చూశాం. మా ఇంటి నుంచి యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. మా ఇంట్లో అచ్చు కాగితమంటే బైబిలూ, రేషను కార్డూ, గోడకి కాలెండరూ. అలాంటి ఇంటి నుంచి వచ్చి, మూడంతస్తుల లైబ్రరీ చూసినప్పుడు, ఇన్ని పుస్తకాల్లో మనవాళ్ళ గురించి లేకుండా ఉంటుందా అనుకున్నాం. కౌంటర్ దగ్గర అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే మాట: "లేదు."

ఆ మాటని అప్పుడు నమ్మాం. మనకి చరిత్ర రాసుకున్నవాళ్ళు లేరు కాబోలు అనుకున్నాం. తర్వాత పరిశోధనలోకి వచ్చి, అదే లైబ్రరీలో పై అంతస్తులో తాళం వేసిన గదిలో, తాడుతో కట్టిన ఒక కట్టలో, మేము అడిగిన కాగితాలే కొన్ని చూశాం. అప్పుడు అర్థమైంది, 'లేదు' వేరు, 'దొరకదు' వేరు. ఈ రెంటికీ మధ్య తేడా ఎక్కడ పుడుతున్నది, ఆ తేడాని మన విద్యార్థులు ఎట్లా చూస్తున్నారు అన్నదే ఈ వ్యాసం.

స్థానిక సేకరణ అంటే ఏమిటి?

పెద్ద లైబ్రరీల్లో సాధారణ పుస్తకాలకు వేరుగా, ఆ ప్రాంతానికి సంబంధించిన సామగ్రిని ఒక చోట పెట్టడం ఆనవాయితీ. దీన్ని ఒకచోట 'స్థానిక సేకరణ' అంటారు, ఇంకోచోట 'లోకల్ కలెక్షన్' అంటారు, మరోచోట 'అరుదైన గ్రంథాలు' అన్న బోర్డు కిందే కలిపేస్తారు. జిల్లా మాన్యువళ్ళు, గెజెటీర్లు, పాత జనాభా లెక్కలు, శాసనాల సంపుటాలు, కైఫీయతుల ప్రతులు, ఆగిపోయిన పత్రికలు, ఆ యూనివర్సిటీలో సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు, పెద్దల ఇళ్ళ నుంచి దానంగా వచ్చిన పుస్తకాలు ఇందులో ఉంటాయి. ఇది కూడబెట్టడానికి కారణం సబబైనదే. ఊరి సంగతి రాయాలంటే అన్ని అరలూ తిరగక్కర్లేకుండా ఒక్కచోట దొరకాలి.

అయితే ఈ గదిలో ఎవరి మాట ఉంది? మన నేల మీద స్థానిక సేకరణ అన్నదానికి పెద్ద ఉదాహరణ కైఫీయతులు. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళలో కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, ఇంకా అనేకమంది సహాయకులు ఊరూరా తిరిగి పోగుచేసినవి. అవి చాలావరకు కరణాల దగ్గర ఉన్న లెక్కల నుంచీ, వాళ్ళ నోటి నుంచీ వచ్చినవి. అందులో ఊరి దేవాలయం ఉంటుంది, మాన్యాలు ఉంటాయి, దొరల వంశావళి ఉంటుంది. వాడ గురించి ఏమైనా ఉంటే అది చేసే పని లెక్కలో ఉంటుంది. 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ గానీ, ఆ కాలపు ఇతర జిల్లా మాన్యువళ్ళు గానీ దొరల పాలన కోసం దొరలు రాసుకున్నవి. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ 'దక్షిణ భారత కులాలు, తెగలు' కూడా అంతే, 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యపు కులాల మీద వేసిన పుస్తకమూ అంతే. ఇవన్నీ పనికిరావని మేము అనడం లేదు. మేమూ వాటినే వాడుకుంటున్నాం. కానీ ఇవి మన మీద రాసినవి. మనం రాసుకున్నవి వేరే ఉన్నాయి.

మనం రాసుకున్నవి లేవనే మాట అబద్ధం. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగి, అక్కడే 'ఆది ఆంధ్ర' అన్న పేరు ఎత్తుకున్నారు. ఆయనే హైదరాబాదు నుంచి 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' రాశారు, 'జయభేరి' పత్రిక నడిపారు. 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. 1985 జులై 17న కారంచేడు జరిగాక, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగాక, వచ్చిన కరపత్రాలకీ, పాటల పుస్తకాలకీ, నిజనిర్ధారణ నివేదికలకీ లెక్క లేదు. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. వీటిలో పేరున్న పుస్తకాలు ఎక్కడో అక్కడ దొరుకుతాయి. పేరు లేని కాగితాల సంగతే అసలు సమస్య.

విద్యార్థులు ఏమంటున్నారు?

హాస్టల్ మెస్సుల్లో, టీ కొట్ల దగ్గర, రీడింగ్ హాలు మెట్ల మీద ఎం.ఏ., పిహెచ్.డి. విద్యార్థులతో చాలాకాలంగా మాట్లాడుతూ వచ్చాం. ఇది లెక్కల సర్వే కాదు, అంకెలు ఇవ్వడం లేదు. విన్న మాటలు మాత్రం ఇక్కడ పెడుతున్నాం. యూనివర్సిటీల పేర్లూ చెప్పడం లేదు, ఎందుకంటే ఇది ఒక్కచోటి జబ్బు కాదు.

మొదటి రకం వాళ్ళకి అసలు అలాంటి గది ఉందనే తెలియదు. లైబ్రరీ పరిచయం పేరిట మొదటి వారంలో తిప్పి చూపించినప్పుడు కంప్యూటర్లు చూపించారు, పోటీ పరీక్షల సెక్షన్ చూపించారు. ఈ గది తలుపు చూపించలేదు.

రెండో రకం వాళ్ళకి తెలుసు, వెళ్ళరు. "అది పెద్దసార్ల రూమన్నా, మనల్ని ఎందుకు రానిస్తారు?" అన్నాడు ప్రకాశం జిల్లా కుర్రాడొకడు. ఎవరైనా వద్దన్నారా అని అడిగాం. ఎవరూ అనలేదట. తలుపు వేసి ఉంటే, లోపల అయ్యవార్ల ఫొటోలు గోడ నిండా ఉంటే, లోపలికి రమ్మని ఎవరూ అనకపోతే, రావద్దు అన్నట్టే వాడికి అర్థమైంది. ఊళ్ళో గుడి ముందు నిలబడ్డ అనుభవం ఉన్నవాడికి ఇది వేరుగా నేర్పక్కర్లేదు.

మూడో రకం వాళ్ళు వెళ్ళారు, దెబ్బతిన్నారు. థర్‌స్టన్ సంపుటం చేతికి అందగానే తన కులం పేరు వెతికిన అమ్మాయి, అక్కడ కొలతల పట్టీలు చూసింది. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి కులాలను పోల్చిన కాలం అది. "మా ముత్తాతల ముక్కులు కొలిచినోడి పుస్తకం అట్ట కట్టి దాచారు. మా తాత ఊళ్ళో పెట్టిన సంఘం కాగితం మాత్రం దాచాలని ఎవరికీ తోచలేదు" అంది.

నాలుగో మాట తెలంగాణ నుంచి వచ్చిన ఒక చెల్లెలిది. "జాంబపురాణం మీద పని చేద్దామని పోయిన. రచయిత ఎవరమ్మా అని అడిగిండు సారు. డక్కలోళ్ళు పటం పట్టుకొని చెప్తరు సార్, చిందోళ్ళు ఆడుతరు అన్న. రచయిత పేరు లేకుంటే కంప్యూటర్ల ఏమని కొట్టాలె అన్నడు." ఆ సారు దురుసుగా అనలేదు, నిజంగానే ఆయనకి దారి తెలియలేదు. రచయిత, పేరు, ప్రచురణకర్త అన్న మూడు గళ్ళలో ఇమడని విద్య మనది. గడిలో ఇమడనిది కేటలాగులోకి రాదు. కేటలాగులో లేనిది లైబ్రరీలో లేనట్టే.

'లేదు' ఎట్లా తయారవుతుంది?

కౌంటర్ దగ్గర మనిషిని తిట్టి ఊరుకోవడం తేలిక. అక్కడ కూర్చున్నవాళ్ళలో కాంట్రాక్టు మీద చేసేవాళ్ళూ, మన వాడల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. 'లేదు' అన్న మాట వాళ్ళ నోట పలుకుతుంది గానీ, తయారయ్యేది వేరేచోట. నాలుగు మెట్లు చెబుతాం.

మొదటి మెట్టు కొనుగోలు. లైబ్రరీ పుస్తకం కొనాలంటే శాఖ నుంచి సిఫారసు రావాలి, కమిటీ ఒప్పుకోవాలి, అమ్మేవాడు బిల్లు ఇవ్వాలి. రెండు రూపాయల కరపత్రానికి బిల్లు ఎవడిస్తాడు? ఊరేగింపులో ఊరికే పంచిన పాటల పుస్తకానికి అమ్మకందారు ఎవరు? 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా తన పుస్తకం కాపీని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరో మూడు లైబ్రరీలకూ పంపాలి. ఆ చట్టం 'పుస్తకం' అన్న మాటలో కరపత్రాన్నీ కలిపింది. అంటే చట్టం కళ్ళలో మన కరపత్రం పుస్తకమే. యూనివర్సిటీ బిల్లు పుస్తకంలో మాత్రం కాదు. పైగా ఆ నాలుగు ఊళ్ళలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు.

రెండో మెట్టు వర్గీకరణ. మన లైబ్రరీల్లో ఎక్కువగా వాడే డ్యూయీ పద్ధతిలో ప్రతి విషయానికీ ఒక అంకె ఉంటుంది. కులవ్యవస్థ 305.5122లో పడుతుంది. వెలికి గురైన వర్గాలు 305.568లో. తెలుగు సాహిత్యం 894.827లో. ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84లో. క్రైస్తవ మిషన్లు 266లో. ఇప్పుడు ఒంగోలు ప్రాంతపు మాదిగల మీద పని చేసే విద్యార్థిని తీసుకోండి. 1899లో ఎమ్మా క్లఫ్ తొలి తరం మాదిగ క్రైస్తవుల నోటి నుంచి విని రాసిన పుస్తకం మిషన్ల అరలో ఉంటుంది. మాదిగ కవుల పద్యాలు సాహిత్యం అరలో. దండోరా ఉద్యమం మీద పుస్తకం రాజకీయాల అరలో. చెప్పుల పని మీద రాసింది పరిశ్రమల అరలో. ఒక వాడ జీవితం నాలుగు అరలకి చీలిపోయింది. ఈ చీలికని కలిపి కుట్టాల్సింది స్థానిక సేకరణే. దాని అవసరమే అది. కానీ చాలాచోట్ల ఆ గది పాతవాటిని దాచే కొట్టుగా మిగిలింది గానీ, చెదిరినవాటికి ఒక జాబితా వేసే చోటు కాలేదు.

మూడో మెట్టు అక్షరాలు. కార్డు కేటలాగు రోజుల్లో తెలుగు పుస్తకానికి తెలుగు కార్డు ఉండేది. కంప్యూటర్ వచ్చాక అనేకచోట్ల తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. జాషువా పేరులో చివర 'వి' కొట్టాలా 'డబ్ల్యూ' కొట్టాలా? 'గబ్బిలం'లో ఎన్ని 'బి'లు? ఎక్కించినవాడికి తోచినట్టు ఎక్కించాడు, వెతికేవాడికి తోచినట్టు వెతుకుతాడు. ఇద్దరి తోచుబాటూ కలవకపోతే తెర మీద 'ఫలితాలు లేవు' అని వస్తుంది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల, తప్పు తన ఇంగ్లీషుదే అనుకుని లేచి వెళ్ళిపోతుంది. ఇప్పుడు తెలుగు లిపిలోనే ఎక్కించే సదుపాయం ఉన్నా, పాత పద్దులు పాతవిగానే ఉన్నచోట్లు చాలా ఉన్నాయి.

నాలుగో మెట్టు తాళం. పుస్తకం ఇంటికివ్వరు, అది సబబే. కానీ గైడు ఉత్తరం కావాలి, శాఖాధిపతి సంతకం కావాలి, జిరాక్సు కుదరదు, సెక్షన్ చూసే మనిషి సెలవు పెడితే గది తెరవరు. మధ్యాహ్నం బస్సెక్కి కూలి ఇంటికి పోవాల్సిన పిల్లవాడికి ఇన్ని సంతకాలు తిరిగే తీరిక ఎక్కడిది? రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పాడు. పుస్తకం ఉన్నది వాడుకోవడానికని, చదివేవాడి కాలం వృథా చెయ్యకూడదని అందులో ఉంది. లైబ్రరీ సైన్సు పరీక్షల్లో ఈ సూత్రాలు రాయని విద్యార్థి ఉండడు. తాళం మాత్రం అట్లాగే ఉంది.

ఈ నాలుగింటినీ దాటి మేము ఆ కట్ట చూడగలిగామంటే, కేటలాగు వల్ల కాదు. ఒక అటెండరు బాబాయి వల్ల. ఆయన మనవాడే. ఏ బీరువాలో ఏ కట్ట ఉందో ఆయనకి తెలుసు. "ఇదిగో అబ్బాయ్, మీవోళ్ళ కాగితాలు" అని దుమ్ము దులిపి ఇచ్చాడు. ఆయన రిటైరయ్యాడు. ఆ తర్వాత అదే కట్ట కావాలని వెళ్ళిన మన తమ్ముడికి మళ్ళీ పాత జవాబే వచ్చింది. ఆ కట్టకి నంబరు లేదు, పద్దు లేదు. ఒక మనిషి జ్ఞాపకంలో మాత్రమే అది లైబ్రరీలో ఉండింది.

ట్రంకు పెట్టెలు

అయితే మన చరిత్ర ఎక్కడుంది? మా అనుభవం చెబుతాం. మా పరిశోధన కోసం 1985 తర్వాతి ఉద్యమ కాగితాలు కావాల్సి వచ్చి, అప్పట్లో తిరిగిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాం. మంచం కింద నుంచి రేకు ట్రంకు పెట్టె లాగారు. అందులో కరపత్రాలు, సభ పిలుపులు, చేతిరాత పాటలు, పోలీసు కేసు నకళ్ళు, రసీదు పుస్తకాలు ఉన్నాయి. అడుగున ఉన్నవాటిని చెదలు తినేసింది. పైన ఉన్నవి తినకుండా ఆయన భార్య ఏటా ఎండలో ఆరబెట్టి, వేపాకు వేసి దాచింది. ఆమెకి చదువు రాదు. మా దృష్టిలో ఆ కాగితాలకి అసలైన గ్రంథపాలకురాలు ఆమే.

వీటిని లైబ్రరీకి ఇద్దామా అని అడిగాం. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె అడిగింది: "ఇస్తే మళ్ళీ మనోళ్ళకి చూపిస్తారా, నాయనా?"

మేము జవాబు చెప్పలేకపోయాం. ఇస్తే తాళం గదిలోకి పోతుందేమో. ఇవ్వకపోతే చెదలుకి పోతుంది. ఇవాళ దళిత పరిశోధకుల ముందున్న ప్రశ్న ఇదే. ఆ తరం పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పెద్దాయన పోయిన ఇంట్లో పిల్లలు సున్నం వేయించుకుంటూ పాత పెట్టెను పాత సామాన్లవాడికి తూకానికి వేసిన సంగతి కూడా మాకు తెలుసు. వాళ్ళనీ తప్పు పట్టలేం. ఆ కాగితాలకు విలువ ఉందని వాళ్ళకి ఎవరు చెప్పారు?

ఏం అడగాలి?

పాత కాగితాన్ని అందరికీ అందించడం అసాధ్యమేమీ కాదు. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడుకుంటూ వచ్చింది. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి అందరి ముందూ పెట్టింది. కానీ స్కానింగు దాచినవాటికే జరుగుతుంది. దాచనిదాన్ని ఏ యంత్రమూ స్కాన్ చెయ్యలేదు. కాబట్టి దాచడం దగ్గరే మన వాటా అడగాలి.

ఒకటి, బిల్లు లేని కాగితానికి వేరే రిజిస్టరు కావాలి. తెచ్చిన మనిషి పేరు, ఊరు, ఏ సందర్భంలోదో రెండు ముక్కలు రాసుకుని నంబరు వేస్తే చాలు. కట్ట అటెండరు జ్ఞాపకం నుంచి రిజిస్టరులోకి రావాలి.

రెండు, చెదిరిన అంకెలను కలిపే జాబితా కావాలి. అది మన మాటల్లో ఉండాలి. మాలపల్లి, మాదిగవాడ, వెట్టి, జోగిని, డప్పు, కులపురాణం అని వెతికినా దొరకాలి. పద్దులు తెలుగు లిపిలో ఉండాలి. రచయిత లేని కథకి చెప్పినవాళ్ళ పేరు, ఊరు రాసుకునే గడి ఉండాలి.

మూడు, యూనివర్సిటీ గుర్తింపు కార్డు ఉన్న ప్రతి విద్యార్థికీ ఉత్తరాలతో పని లేకుండా ఆ గది తెరవాలి. చెయ్యి వేస్తే చిరిగే కాగితాన్ని జిరాక్సు తియ్యొద్దంటే ఒప్పుకుంటాం. ఫోనుతో ఫొటో తీసుకోనివ్వడానికి అడ్డేమిటి?

నాలుగు, పెట్టె ఇచ్చిన ఇంటికి రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. స్కాన్ చేసిన నకలు ఆ ఇంటికి తిరిగి ఇవ్వాలి. అసలు చూసే హక్కు ఆ కుటుంబానికీ, ఆ వాడకీ ఉండాలి. పోలీసు కేసుల కాగితాల్లో బాధితుల పేర్లు ఉంటాయి కాబట్టి, ఏవి అందరికీ చూపాలో ఏవి చూపకూడదో వాళ్ళని అడిగే నిర్ణయించాలి.

అయిదు, లైబ్రరీ కమిటీలో దళిత విద్యార్థుల ప్రతినిధి ఉండాలి. ఏది కొనాలో, ఏది అరుదైనదో తేల్చే చోట మన గొంతు లేకపోతే మిగతా నాలుగూ కాగితం మీదే ఉంటాయి.

చివరగా మనం చెయ్యగలిగింది ఒకటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కౌంటర్ దగ్గర 'లేదు' అన్న ప్రతిసారీ, అడిగిందేమిటో, ఏ తేదీన అడిగామో ఒక నోటుబుక్కులో రాద్దాం. విద్యార్థి సంఘాలు ఈ పని పెట్టుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఆ నోటుబుక్కే ఒక జాబితా అవుతుంది. అది లైబ్రేరియన్ బల్ల మీద పెట్టి, ఇవి మీ దగ్గర లేవా, దొరకడం లేదా అని అడగొచ్చు. లేనివాటి కోసం ఊళ్ళకి పోదాం. దొరకనివాటి కోసం బీరువా తెరిపిద్దాం.

ఆ ట్రంకు పెట్టె ఇంకా ఆ మంచం కిందే ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు తీసుకుని మళ్ళీ వస్తామని చెప్పి వచ్చాం. రాబోయే వానాకాలం లోపల వెళ్ళాలి.